నడిపేవారికి తెలియని వేడి



ఈ సంగతి వ్రాద్దామా వద్దా అని కొన్ని వారాలుగా తర్జనభర్జన పడ్డాము. వ్రాస్తే మా తప్పు మేమే బయట పెట్టుకున్నట్టవుతుంది. వ్రాయకపోతే అదే తప్పు మీ ఇంట్లో జరగవచ్చు. రెండవదే పెద్ద నష్టమని తోచింది గనుక వ్రాస్తున్నాము. ఈసారి సంగతి మోటారు సైకిలు సైలెన్సరు, దాని పక్కన మనం వేలాడదీసే సంచి.

మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న మార్చి నెలలో ఒక రోజు పని మీద టౌనుకు బయలుదేరాము. మన సంఘములోని ఒక పెద్దావిడ ముందు రోజు సాయంత్రం వచ్చి, "అయ్యగారూ, వచ్చేటప్పుడు నా ఇన్సులిను తెచ్చిపెట్టరూ" అని చీటీ, డబ్బులు చేతిలో పెట్టింది. ఒంటరి మనిషి. కొడుకు దూరాన పనికి పోయాడు. మందుల షాపులో రెండు సీసాలు తీసుకున్నాము. షాపతను చిన్న ఐసు ప్యాకెట్టు వేసి కవరులో చుట్టి ఇచ్చాడు. బైండింగుకు ఇచ్చిన పాటల పుస్తకాలు కూడా అదే రోజు చేతికొచ్చాయి. అన్నీ కలిపి కుడివైపు సంచిలో పెట్టాము.

కుడివైపే ఎందుకు పెట్టాము? అమ్మగారు వెనుక కూర్చున్నారు. చీర కట్టుకున్న మన స్త్రీలు ఎడమ వైపుకు కాళ్ళు పెట్టి ఒక పక్కగా కూర్చుంటారు. ఎడమ వైపు వారి కాళ్ళు, చీర జాలీ, ఫుట్‌రెస్టు. ఖాళీగా ఉండేది కుడివైపు. మన దగ్గర తిరిగే బండ్లలో చాలావాటికి సైలెన్సరు కూడా కుడివైపే. కాబట్టి ఊళ్ళలో సంచి సైలెన్సరు మీదికి చేరడం నిర్లక్ష్యం వల్ల మాత్రమే కాదు, మనం కూర్చునే పద్ధతి దాన్ని అక్కడికి తోస్తుంది. మనలో ఎక్కువమంది ఇది గమనించి ఉండరు. మేమూ గమనించలేదు.

దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి వెళ్ళేదాకా ఇంజను ఆపకుండా నిలబడ్డాము. తరువాత ఒక ఊళ్ళో తెలిసినవారు కనబడితే బండి దిగకుండానే కాసేపు మాట్లాడాము. ఇంటికొచ్చి సంచి విప్పితే అడుగున గోధుమ రంగు మచ్చ. రెండు పాటల పుస్తకాల ప్లాస్టిక్ అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఐసు ప్యాకెట్టులోది గోరువెచ్చని నీళ్ళు. ఇన్సులిను సీసాలు మాత్రం చూడటానికి షాపులో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పుస్తకాలు పాడైనందుకు బాధపడ్డాము. సీసాలను తుడిచి, ఆ పెద్దావిడకు ఇచ్చివచ్చాము. సంచి వేడెక్కిందని ఆమెతో ఒక్క మాట చెప్పలేదు.

రెండు వారాలు తిరగకముందే ఆమెకు నీరసం, విపరీతమైన దాహం మొదలయ్యాయి. పరీక్ష చేయిస్తే షుగరు బాగా పెరిగి ఉంది. "ఎక్కువ అన్నం తిన్నానేమో అయ్యగారూ, నాదే తప్పు" అని ఆమె మాతోనే అన్నది. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ మాత్రం, ఏం తిన్నావని అడగడానికి ముందు "మందు ఎక్కడ పెట్టావు, ఎట్లా తెచ్చుకున్నావు" అని అడిగింది. అప్పుడు మాకు తలకెక్కింది. రైలు గేటు, మాటలు, గోధుమ రంగు మచ్చ అన్నీ చెప్పాము. నర్సమ్మ ఆ సీసాలు వాడవద్దని పక్కన పెట్టించింది. కొత్తవి మా డబ్బుతో కొన్నాము. కొత్త మందు మొదలుపెట్టాక కొద్ది రోజులకు ఆమె కుదుటపడింది. అదంతా వేడి వల్లనే జరిగిందని నిరూపించడానికి మా చేతిలో ఏమీ లేదు. అయితే తెలిసి కూడా ఆ మాట దాచిన తప్పు మాదే. మరి ఆమె తనను తాను నిందించుకున్నది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. సైలెన్సరు వేడి బండి నడిపేవారికి తెలియదు. మన కాళ్ళు ముందుంటాయి, ముఖానికి గాలి తగులుతూ ఉంటుంది. ఆ వేడి తగిలేది వెనుక కూర్చున్నవారి పిక్కకు, మధ్యలో కూర్చోబెట్టిన పిల్లవాడి కాలికి, సంచిలోని పరాయివారి వస్తువుకు. నష్టపడేవారు వేరు, తప్పించగలిగినవారు వేరు. కాబట్టి జాగ్రత్త పడవలసిన బాధ్యత హ్యాండిలు పట్టుకున్నవారిదే అని మా అభిప్రాయం.

ఇది కొత్త మాట కాదు. మిద్దె కట్టుకున్నవాడు దాని చుట్టూ పిట్టగోడ కట్టించాలని, ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివాని మీద ఉంటుందని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో మనం చదువుకున్నదే. చూసుకుని నడవవలసింది అతిథే గదా అని అక్కడ తప్పించుకోవడానికి వీలు లేదు. మన దేశపు చట్టం కూడా వెనుక కూర్చున్నవారిని మరచిపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనుక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టులు, బట్టలు చక్రంలో పడకుండా వెనుక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. మన చీర జాలీ అలా వచ్చినదే. ఆ జాలీ ఎడమ వైపు కొంగును కాపాడుతుంది. కుడివైపు సంచిని కాపాడుకోవడం మన చేతుల్లో ఉంది.

వేడి ఎంత ఉంటుందో కొంచెం చూద్దాం. కాసేపు నడిచిన బండికి సైలెన్సరు పైభాగం నీళ్ళు మరిగే 100 డిగ్రీలు దాటడం మామూలే. ఇంజను నుంచి వచ్చే బెండు పైపు అంతకు రెండింతలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. ఇప్పుడు మనం వాడే సంచులను చూడండి. కూరగాయల క్యారీబ్యాగు 110 నుంచి 130 డిగ్రీల మధ్య కరుగుతుంది. యూరియా బస్తాలు, బియ్యం బస్తాలు నేసే తెల్లని ప్లాస్టిక్ 160 దగ్గర కరుగుతుంది. రెగ్జిను సంచి అంతకంటే ముందే మెత్తబడుతుంది. నైలాను 220 దాకా, పాలిస్టరు 250 దాకా ఓర్చుకుంటాయి. గుడ్డ సంచి, గోనె సంచి కరగవు గనుక మంచివని అనుకుంటాము. అవి కరగవు నిజమే, కానీ కమురుతాయి. మంట లేకుండా లోలోపల నిప్పు రాజుకుంటుంది. బండి ఆపి సంచి ఇంట్లో పెట్టిన తరువాత పొగ వచ్చిన సందర్భాలు అందుకే.

సంచి బాగుంది గదా అని లోపలి వస్తువు కూడా బాగుందనుకోవడం మా రెండవ తప్పు. ఇన్సులినును తెరవకముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుకలో ఉన్న సీసా కూడా 30 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. మన పల్నాడులో వేసవి ఎండ అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఎండల లెక్క వచ్చినప్పుడల్లా రెంటచింతల పేరు వినబడుతుంది. నీడలోనే 44, 45 డిగ్రీలు ఉండే రోజున సైలెన్సరు పక్కనున్న సంచి లోపల మందుకు ఏం మిగులుతుంది? ప్లాస్టిక్ కరిగితే కంటికి కనబడుతుంది. మందు చెడిపోతే రంగు మారకపోవచ్చు, వాసన రాకపోవచ్చు. పిల్లల మందులు, పాలు, పెరుగు, మొబైలు పవర్ బ్యాంకు అన్నిటి సంగతీ కొంచెం అటూ ఇటూగా ఇంతే.

ఇంకా భయపడవలసినవి ఉన్నాయి. పొలంలో ఇంజనుకని సీసాలో పెట్రోలు తెచ్చుకుంటాము. పురుగుమందు డబ్బాలు తెచ్చుకుంటాము. వాటిలో చాలా మందులు మండే ద్రావకంలో కలిపినవే. ఇవి సైలెన్సరు పక్కన ఎప్పుడూ ఉండకూడదు. సీసా మూత కొంచెం వదులైతే చాలు, పెట్రోలు ఆవిరి వేడి పైపు దాకా పాకుతుంది. ఈ ఒక్క విషయంలో మేము కొంచెం కఠినంగానే మాట్లాడుతున్నాము, క్షమించండి.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బిఎస్-6 బండ్లలో పొగను శుభ్రం చేసే కన్వర్టరు ఉంటుంది. వేడెక్కితేనే అది పని చేస్తుంది. అందుచేత పైపు ముందు భాగంలో ఎండుగడ్డి, మిరప చెత్త, ప్లాస్టిక్ కవరు ఇరుక్కోకుండా చూసుకోండి. కోతల కాలంలో ఎండు వరిగడ్డి మీద బండి నిలపవద్దు.

ఇక ఏం చేయాలి? మన సంఘములో వెల్డింగు షాపు నడిపే సహోదరుని దగ్గర కూర్చుని, మా బండికి చేయించుకున్నది చెబుతాము.

మొదటిది, దూరం. రెండు వైపులా వేలిలావు ఇనుప రాడ్డుతో ఫ్రేము చేయించాము. సంచి ఫ్రేముకు ఆనుతుంది గాని సైలెన్సరుకు, చక్రానికి ఆనదు. ఎంత దూరం ఉండాలి? నాలుగు వేళ్ళు పట్టాలి. అయితే ఖాళీ బండికి ఖాళీ సంచి కట్టి కొలవకండి. సంచి నింపి, ఇద్దరు ఎక్కి కూర్చున్నప్పుడు కొలవండి. బరువుకు షాకబ్జార్లు దిగుతాయి, సంచి సాగుతుంది, స్పీడు బ్రేకరు మీద ఊగుతుంది. ఇంట్లో నాలుగు వేళ్ళున్నది దారిలో ఒక్క వేలు కూడా ఉండదు. అలాగే సైలెన్సరు చివర, పొగ వచ్చే నోటికి ఎదురుగా ఏ వస్తువూ వేలాడకూడదు.

ఫ్రేమును బండి చాసిస్‌కు వెల్డింగు చేయించవద్దు. జాలీకి, ఫుట్‌రెస్టుకు ఉన్న బోల్టుల దగ్గరే బిగించవచ్చు. వెల్డింగు పని అంతా ఫ్రేమును బండి నుంచి తీసి, నేల మీద పెట్టి చేయించండి. కొత్త బండ్లలో కంప్యూటరు పెట్టె ఉంటుంది, వెల్డింగు కరెంటుకు అది పాడైతే ఫ్రేము ఖర్చుకు ఎన్నో రెట్లు పెట్టవలసి వస్తుంది. తీయడానికి వీలు లేకపోతే బ్యాటరీ తీగలు విప్పిన తరువాతే ముట్టుకోనివ్వండి.

రెండవది, అడ్డు. ఫ్రేముకు సైలెన్సరు వైపున ఒక అల్యూమినియం రేకు బిగించాము. ఇది ఎందుకు పని చేస్తుందో తెలుసుకుంటే ఎక్కడా పొరపాటు పడరు. కట్టెల పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ముఖానికి వేడి కొడుతుంది. మధ్యలో ఒక పళ్ళెం అడ్డు పెట్టండి, వెంటనే తగ్గుతుంది. అదే పళ్ళేన్ని పొయ్యి మీది కుండకు ఆనించి పెడితే కాసేపటికి పళ్ళెం కూడా కుండంత వేడెక్కుతుంది. రేకు సంగతి అంతే. సైలెన్సరుకు ఆనకూడదు, సంచికీ ఆనకూడదు. రెండు వైపులా గాలి ఆడాలి. రేకుకు, ఫ్రేముకు మధ్య బోల్టుకు నాలుగైదు వాచర్లు పేర్చినా, చిన్న గొట్టం ముక్క వేసినా ఆ సందు వస్తుంది. మెరిసే వైపు సైలెన్సరు వైపుకు ఉంచండి. సంచి కంటే రేకు కొంచెం పెద్దదిగా ఉండాలి. అంచులు మడిచి కొట్టించండి, లేకపోతే పిల్లల కాళ్ళు కోసుకుంటాయి. సైలెన్సరు మీద బండితో పాటు వచ్చిన రేకు కవరును తీసివేయకండి. తుప్పు పట్టి ఊడిపోతే కొత్తది వేయించండి.

కొందరు పైపుకు తడి గోనెపట్టా చుడతారు. అది అరగంటలో ఆరి, తరువాత కమురుతుంది. రెగ్జిను, ఫోము, థర్మోకోలు చుట్టడం ఇంకా ప్రమాదం. పాత ఆస్బెస్టాసు రేకు ముక్క కోసి కట్టేవారున్నారు. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు, దాని జోలికి వెళ్ళకండి. వేడికి తట్టుకునే టేపు కొని పైపుకు చుడితే వేడి తగ్గుతుంది గాని, వానకు తడిసిన నీళ్ళు లోపలే నిలిచి పైపుకు తుప్పు పడుతుంది.

మూడవది, పరీక్ష. ఇంట్లో కొవ్వొత్తి ముక్క ఉంటుంది గదా. దాన్ని కాగితంలో చుట్టి, సంచి లోపల సైలెన్సరు వైపు గోడకు ఆనేలా పెట్టండి. మామూలుగా మీరు వెళ్ళే దారిలో వెళ్ళి రండి, మధ్యలో ఇంజను ఆపకుండా కాసేపు నిలబడండి కూడా. ఎందుకంటే బండి కదులుతున్నప్పుడు గాలి వేడిని కొట్టుకుపోతుంది, నిలబడినప్పుడే సంచి కాలేది. వచ్చి విప్పి చూడండి. మైనం 50, 60 డిగ్రీల మధ్యనే కరుగుతుంది గనుక కొవ్వొత్తి వంగినా, చెమర్చినా ఆ ఏర్పాటు చాలదని అర్థం. కొవ్వొత్తి నిలిచిందంటే బట్టలకు, పుస్తకాలకు ఫరవాలేదు. మందులకు మాత్రం అది చాలదు.

ఇన్సులిను వంటి మందును పక్క సంచిలో ఎప్పుడూ పెట్టకండి. వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు ప్యాకెట్టు పెట్టి, సీసాను గుడ్డలో చుట్టి దించండి. ఐసుకు నేరుగా తగలకూడదు, గడ్డకట్టినా ఆ మందు పనికిరాదు. ఆ ఫ్లాస్కు వెనుక కూర్చున్నవారి ఒడిలో గాని, మీ భుజాన వేసుకున్న సంచిలో గాని రావాలి. స్కూటరు ఉన్నవారు సీటు కింద పెట్టె ఉంది గదా అనుకోవద్దు. చాలా స్కూటర్లలో ఆ పెట్టె కిందనే ఇంజను ఉంటుంది.

కాలు కాలితే ఏం చేయాలో కూడా ఒక మాట. ఆదివారం ఆరాధనకు వచ్చే పిల్లల్లో ముగ్గురి పిక్కల మీద సైలెన్సరు మచ్చలు మేము చూశాము. కాలిన వెంటనే 20 నిమిషాల పాటు మామూలు చల్లని నీళ్ళు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి రాయవద్దు. బొబ్బ వస్తే చిదపకుండా శుభ్రమైన గుడ్డ కప్పి ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి.

"ఇరవై ఏండ్లుగా బండి నడుపుతున్నాము అయ్యగారూ, ఎప్పుడూ ఏమీ కాలేదు" అని మీలో కొందరు అంటారని తెలుసు. మేమూ అదే అన్నవారము. ఏమీ కాలేదని మనకెలా తెలిసింది? కరిగిన కవరును మాత్రమే లెక్క వేసుకున్నాము. పని చేయని మందు బిళ్ళను, విరిగిన పాలను, ఎందుకో తెలియకుండా పెరిగిన షుగరును బండి ఖాతాలో ఎన్నడూ వ్రాయలేదు. ఖర్చు సంగతి కూడా విన్నాము. కూలి డబ్బుతో ఇల్లు గడిచేవారికి ఫ్రేము చేయించడం భారమే, అది నిజం. ఆ పని జరిగేదాకా పైసా ఖర్చు లేని మార్గం ఉంది. ఒంటరిగా వెళ్ళేటప్పుడు సంచి ఎడమ వైపుకు మార్చండి. ఇద్దరు వెళ్ళేటప్పుడు సంచిని వెనుక సీటు చివర ట్యూబు తాడుతో కట్టండి, వేలాడకుండా. ఎవరైనా మందు తెమ్మంటే, దాన్ని ఎలా తేవాలో షాపులోనే అడగండి. దారిలో వేడెక్కిందని అనుమానం వస్తే దాచకుండా చెప్పండి. మేము చేయనిది ఆ చివరిదే.

ఆ పెద్దావిడ దగ్గరకు వెళ్ళి జరిగినదంతా చెప్పాము. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అప్పుడే చెప్పి ఉంటే రెండో సీసా గుచ్చుకునేదాన్ని కాదు గదయ్యా" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆమె అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత వెల్డింగు సహోదరుడు మందిరము ముందు వేపచెట్టు కింద కూర్చుంటానని ఒప్పుకున్నాడు. బండి ఉన్నవారు మామూలుగా కట్టే సంచిని నింపుకుని, వెనుక కూర్చునేవారితో సహా రండి. కొలతలు తీసుకోవడానికి డబ్బులేమీ తీసుకోడు. ఇంట్లో పాత అల్యూమినియం రేకు ముక్కలు, వాచర్లు, బోల్టులు ఉంటే తెచ్చి ఇవ్వండి, లేనివారికి ఉపయోగపడతాయి. కొవ్వొత్తి ముక్కలు మేమే తెస్తాము, క్రిస్మసువి ఇంకా మిగిలి ఉన్నాయి.